చింతపండు మండలి వారి వెబ్‌సైటు

రాష్ట్ర చింతపండు మండలి వారికి పరీక్షలంటే వల్లమాలిన భయం. రాసేవాళ్ళు భయపడటం లోకంలో ఉన్నదే గానీ, పెట్టేవాళ్ళు భయపడటం అక్కడే చూడాలి. దానికి కారణం లేకపోలేదు. వెనకటికి గుమాస్తా ఉద్యోగాలకు పరీక్ష పెట్టినప్పుడు ఒక మహానుభావుడు బూటు మడమలో సెల్‌ఫోను దాచుకొచ్చాడు. ప్రశ్నపత్రం హాల్లో అందరికీ పంచడం పూర్తయ్యేలోపే ఊరంతా తిరిగొచ్చింది. పేపర్లవాళ్ళు ఆ వారమంతా మండలిని చింతపండు పిసికినట్టు పిసికారు.

ఆ దెబ్బతో మండలి ఎం.డి. ఏకాంబరం గారు ఒక ఉత్తర్వు జారీ చేశారు. "ఇకపై మండలి నిర్వహించు ఏ పరీక్షకైననూ, ఏ ఇంటర్వ్యూకైననూ ఏ విధమైన ఎలక్ట్రానిక్ పరికరమూ ఆవరణలోనికి అనుమతింపబడదు. మినహాయింపులు లేవు." ఆ చివరి మాటంటే ఏకాంబరం గారికి ప్రాణం. మినహాయింపు ఇవ్వాలంటే ఆలోచించాలి, ఆలోచించడానికి మండలిలో మంజూరైన పోస్టేదీ లేదు.

కొన్నాళ్ళకు ప్రతి సంస్థకూ ఒక వెబ్‌సైటు ఉండి తీరాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మండలివారు వెంటనే నోటిఫికేషన్ వేశారు. ఫ్రంట్ ఎండ్ వెబ్ డెవలపర్, ఒక పోస్టు, పర్మినెంటు. అడుగున ఇంటర్వ్యూకు తేకూడని వస్తువుల పేర్లు వరసగా ఉన్నాయి. సెల్‌ఫోను, చేతిగడియారం, కాలిక్యులేటరు, ఆ తర్వాత "కంప్యూటరు మరియు తత్సంబంధిత వస్తువులు".

గొరిపర్తి హిమబిందు అది చదివి ముందు నవ్వింది, తర్వాత దరఖాస్తు పెట్టింది. నవ్వడానికి ఆమెకు చదువుంది, దరఖాస్తు పెట్టడానికి అవసరముంది. వెబ్‌సైటు తెరవగానే మన కంటికి కనిపించేదీ, మన వేలు నొక్కేదీ తయారుచేయడం ఆమె పని. ఆ పని చేయించుకుంటున్న కంపెనీవాళ్ళు ఒక సోమవారం పొద్దున్నే అందరినీ ఒక గదిలోకి పిలిచి, "మనమంతా ఒక కుటుంబం" అని మొదలుపెట్టారు. అలా మొదలైన ఉపన్యాసం ఎలా ముగుస్తుందో ఉద్యోగం పోయినవాళ్ళందరికీ తెలుసు. అప్పట్నుంచీ బెజవాడలో అక్క ఇంట్లోనే ఉంటోంది. అక్క పల్లెత్తు మాట అనదు. బావ కూడా ఏమీ అనడు. కాకపోతే కంచం ముందు కూర్చున్నప్పుడు ఎదురుగా ఉన్న గోడతో, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అన్లేదు" అంటుంటాడు. గోడ పట్టించుకునేది కాదు గానీ బిందుకు ముద్ద దిగేది కాదు.

ఆమెకు ఉద్యోగం కావాలి. జీతం కోసమే కాదు. పని తెలిసిన చేతులు ఖాళీగా ఉంటే మనిషికి తన మీద తనకే విసుగు పుడుతుంది. పొద్దున లేవడం దేనికో తెలియదు, రాత్రి పడుకోవడం దేనికో తెలియదు. అందుకని మండలివారు కంప్యూటరు లేకుండా రమ్మన్నా, కళ్ళకు గంతలు కట్టుకుని రమ్మన్నా ఆమె వెళ్ళేదే.

పరీక్ష రోజున గేటుకు "ఒక్క నిమిషం ఆలస్యమైనా అనుమతింపబడదు" అని బ్యానరు కట్టారు. గేటు కాపలాదారు చేతికి గడియారం లేదు. అది కూడా ఎలక్ట్రానిక్ వస్తువేనని తీయించేశారు. ఆవరణలో గోడ గడియారాలన్నీ దింపేశారు.

"మరి నిమిషం దాటిందో లేదో మీకెలా తెలుస్తుందండీ?" అనడిగింది బిందు.

"ఎదురుగా ఆ బండి చూశావామ్మా? ఇడ్లీ అయిపోయిందని ఆడు గిన్నె బోర్లిత్తాడు. అప్పుడు గేటేత్తా" అన్నాడతను.

ఆ రోజు ఇడ్లీ బాగా కుదిరినట్టుంది, గేటు పెందలాడే పడింది. బయట మిగిలినవాళ్ళు బతిమాలారు, ఏడ్చారు, ఒకరిద్దరు గేటెక్కబోయారు. టీవీవాళ్ళు అదంతా చిత్రీకరించుకున్నారు. పరీక్ష సజావుగా ప్రారంభమైందని మండలివారు ప్రకటించారు.

హాల్లో ఫ్యాన్లు తిరగడం లేదు. రెగ్యులేటర్లు ఎలక్ట్రానిక్‌వని ఎవరో కనిపెట్టారు. తలా ఒక తాటాకు విసనకర్ర ఇచ్చి, పరీక్ష కాగానే తిరిగి అప్పగిస్తామని సంతకం పెట్టించుకున్నారు. ప్రశ్న ఒక్కటే. "మండలికి వెబ్‌సైటు తయారుచేయుము. జవాబు కేటాయించిన పుటలలోనే ఉండవలెను."

వెనక బెంచీ నుంచి ఒకతను లేచాడు. "సార్, కంప్యూటరు ఎక్కడుందండీ?"

పర్యవేక్షకుడి చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. గుళ్ళో చెప్పుల కాళ్ళతో ఎవరో కనిపించినట్టు చూశాడు. నిషేధిత వస్తువును పరీక్షా ప్రాంగణంలో ప్రస్తావించిన నేరానికి అతన్ని బయటికి పంపేశారు. ఆ తర్వాత ఆ మాట ఎవరి నోటా రాలేదు.

బిందు ఒక చేత్తో విసురుకుంటూ ఇంకో చేత్తో రాసింది. కోడు అంటే కంప్యూటరుకు అర్థమయ్యే రాత. ఎక్కడన్నా పొరబాటుంటే అదే చెబుతుంది. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు కాబట్టి, తన తప్పులు తనే పట్టుకుని, తనను తనే తిట్టుకుని దిద్దుకుంది. వరసకూ వరసకూ మధ్య ఖాళీ వదిలినందుకు కాగితం దుబారా కింద మార్కులు కోసేశారట. దస్తూరి ముత్యాల్లా ఉన్నందుకు అంతకు రెట్టింపు కలిపారట. చిన్నప్పుడు కొట్టి కొట్టి కాపీరైటింగు రాయించిన టీచరమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, బిందు ఇంటర్వ్యూకు వెళ్ళింది.

ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురున్నారు. మధ్యలో ఎం.డి. ఏకాంబరం గారు. కుడిపక్క పరిపాలనాధికారిణి విశాలాక్షి గారు. ఆవిడ ఏ మాటన్నా దాని కింద సంతకమూ తేదీ ఉన్నట్టే వినబడుతుంది. ఎడంపక్క విషయ నిపుణులు, విశ్రాంత ఆచార్య సోమసుందరం గారు. ఆయన నైపుణ్యం చింతచెట్టుకు వచ్చే వేరుకుళ్ళులో. కంప్యూటరు నిపుణుణ్ణి పిలిస్తే ఆయన జేబులో ఏ ఎలక్ట్రానిక్ వస్తువుంటుందోనని భయపడి ఈయన్ను పిలిచారు.

"అభ్యర్థిని తాను తయారుచేసిన వెబ్‌సైటును బోర్డువారి పరిశీలనార్థం సమర్పించవలెను" అన్నారు విశాలాక్షి గారు.

"పరీక్షలో కాగితం మీద రాసిచ్చానండీ. అది నడవాలంటే..." అని బిందు ఆగిపోయింది. నడవాలంటే ఏం కావాలో ఆ గదిలో పైకి అనకూడదు.

"నడవని వెబ్‌సైటు మండలికెందుకమ్మా?" అన్నారు ఎం.డి. గారు, జాలిగా.

బిందుకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. అంతలో అక్క ఇంట్లో కంచమూ దాని ఎదుట గోడా గుర్తుకొచ్చాయి. కూర్చుంది. "ఒక పెద్ద చార్టు, స్కెచ్ పెన్నులు, కత్తెర ఇప్పిస్తారాండీ?" అనడిగింది.

కత్తెర ఎలక్ట్రానిక్ వస్తువు కిందికి వస్తుందా రాదా అని బోర్డువారు కాసేపు తర్జనభర్జన పడి, రాదని తీర్మానించి, తెప్పించారు. బిందు నేల మీద చార్టు పరుచుకుని గీయడం మొదలుపెట్టింది. పైన మండలి పేరు, పక్కన రెండు చింతకాయలు, కింద మూడు బటన్లు. ఒకదాని మీద "మా గురించి", రెండోదాని మీద "ధ్రువపత్రానికి దరఖాస్తు", మూడోదాని మీద "సంప్రదించండి". చింతపండు వ్యాపారి సరుకు అమ్ముకోవాలంటే అది ఏ రకమో మండలివారు ధ్రువపత్రం ఇవ్వాలి. జనానికి మండలితో ఉన్న పనల్లా అదే.

చార్టును రెండు కుర్చీలకు కట్టి నిలబెట్టింది. ఎం.డి. గారు లేచివచ్చి చూపుడువేలితో మొదటి బటన్ నొక్కారు. ఏమీ జరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కారు.

"పనిచెయ్యట్లేదే!"

అదే సమయానికి అటెండరు యేసుపాదం టీ కప్పులు తీసుకెళ్ళడానికి లోపలికి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. బిందు అతని వైపు తిరిగి, "బాబాయ్ గారూ, ఒక్కసారి ఈ చార్టు వెనక నిలబడతారా?" అంది. బటన్ల కింద కత్తెరతో సన్నటి చీలికలు కోసి, గబగబా నాలుగు కాగితాలు రాసి అతని చేతికిచ్చి, ఏది నొక్కితే ఏది పైకి నెట్టాలో చెవిలో చెప్పింది.

ఎం.డి. గారు మళ్ళీ నొక్కారు. "మా గురించి" కింద చీలికలోంచి మండలి చరిత్ర బయటికి వచ్చింది. అందులో మొదటి మాటే ఏకాంబరం గారి పేరు. ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది.

రెండో బటన్ నొక్కారు. ఏమీ రాలేదు.

"ఒక్క నిమిషం సార్, కాయితం తిరగబడింది" అని చార్టు వెనకనుంచి వినబడింది.

"లోడ్ అవుతోందండీ" అంది బిందు.

"లోడ్ అవుతోంది" అని సోమసుందరం గారు రాసుకున్నారు. ఆయనకు హుషారొచ్చింది. "ఫోనులో కూడా చక్కగా అమరవలెనని ప్రభుత్వ మార్గదర్శకాలలో ఉన్నది కదా?" అన్నారు. బిందు చార్టును నాలుగు మడతలు పెట్టి చూపించింది. అమరింది. "చీకటి రంగులో చూచుకొను సదుపాయం?" అన్నారు. బిందు వెళ్ళి కిటికీ తెరలు లాగింది. ఆయన తృప్తిగా తలాడించారు. "ఏకకాలమున అనేకులు వచ్చిపడినచో?" అన్నారు. ముగ్గురూ లేచి మూడు బటన్లూ ఒకేసారి టకటకా నొక్కడం మొదలెట్టారు.

"ఒక్కొక్కళ్ళూ నొక్కండి సార్! నాకున్నయ్యి రెండే చేతులు!" అని అరిచాడు యేసుపాదం.

"సర్వర్ మీద ఒత్తిడండీ" అంది బిందు.

"సర్వరు భాష మర్యాదగా ఉండవలెను" అన్నారు విశాలాక్షి గారు.

ఏకాంబరం గారు కుర్చీలో వెనక్కి వాలారు. కళ్ళు చెమర్చాయి కూడా. "కరెంటక్కర్లేదు. వైరసు రాదు. పాస్‌వర్డు మర్చిపోవడమనే బాధ లేదు. ఎలక్ట్రానిక్ పరికరం ఒక్కటీ లేకుండా వెబ్‌సైటు! ఆ నాడు నేను ఆ ఉత్తర్వు ఇచ్చినప్పుడు అందరూ నవ్వారు, విశాలాక్షి గారూ. దాని విలువ ఈనాడు తెలిసింది" అన్నారు.

బిందుకు మొదటి ర్యాంకు వచ్చింది. మండలివారు పిలిపించి, పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ పరిశీలన నిమిత్తం తీసుకున్నారు. ఆ సాయంత్రం బావ కాజాల పొట్లం తెచ్చాడు. అన్నం దగ్గర గోడతో మాట్లాడటం మానేసి, "కాస్త నెయ్యి వేసుకో బిందూ, గవర్నమెంటు ఉద్యోగం చెయ్యాలంటే ఒంట్లో ఓపికుండాలి" అన్నాడు. అక్క తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యే మంగళగిరిలో ఒక చిన్న కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలో చేరమన్నారు. ఆలోచించి చెబుతానని బిందు వాళ్ళను ఆపి ఉంచింది. పర్మినెంటు ఉద్యోగం చేతిలో పడుతుంటే ఎవరైనా అదే చేస్తారు.

రోజులు గడిచాయి. ఆర్డరు రాలేదు. మంగళగిరి వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి తేల్చి చెప్పేశారు. "ఈ సాయంత్రంలోపు ఒరిజినల్స్‌తో వచ్చి చేరితే సరేనమ్మా. లేకపోతే తర్వాతి వాళ్ళను పిలుచుకుంటాం." బిందు పరుగున మండలి ఆఫీసుకు వెళ్ళి విశాలాక్షి గారి ముందు నిలబడింది.

"అభినందనలు. ఎంపికలో మీది ప్రథమ స్థానం" అన్నారు ఆవిడ. "తత్కారణముగానే పోస్టు రద్దయినది."

"అర్థం కాలేదండీ."

"వెబ్‌సైటు తయారుచేయు నిమిత్తమై సదరు పోస్టు మంజూరైనది. ఇంటర్వ్యూలోనే వెబ్‌సైటు తయారైనది. ప్రయోజనం నెరవేరిన పోస్టును కొనసాగించినచో ఆడిట్ అభ్యంతరం వచ్చును. మీరు కొంచెం తక్కువగా చేసియుంటే..." అని ఆవిడ కాస్త మనిషి గొంతుతో, "ఉద్యోగం వచ్చి ఉండేదమ్మా" అన్నారు.

  ఇన్నాళ్ళుగా నిలబెట్టుకున్న ఆశ, బావ మర్యాదలు, అక్క కన్నీళ్ళు అన్నీ ఒక చార్టు ముక్క కింద పడి నలిగిపోయాయి. తన చేతులతో తనే గీసుకున్న చార్టు. ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి సమయం లేదు. గడియారం మంగళగిరి వైపు నడుస్తోంది.

"పోనీండి. నా సర్టిఫికెట్లు నాకిచ్చెయ్యండి" అంది.

"ప్రజలకు ఇవ్వవలసిన సమస్త పత్రాలూ ఇకమీదట వెబ్‌సైటు ద్వారానే. మినహాయింపులు లేవు" అన్నారు విశాలాక్షి గారు. మనిషి గొంతు మాయమైపోయింది.

బిందు కిందికి దిగింది. ఇదివరకు జనం కాగితాలిచ్చి పుచ్చుకునే కౌంటరు కిటికీ ఉన్నచోట దళసరి అట్ట బిగించి, దాని మీద ఆమె గీసిన చార్టు అంటించారు. ప్రారంభోత్సవం నాటి బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. చార్టు మీద కొబ్బరినీళ్ళ మరక కూడా ఉంది. ముందు చాంతాడంత వరస. అందరూ చింతపండు వ్యాపారులే. వరస మొదట్లో కదిరి నుంచి వచ్చిన ఓబులేసు అనే పెద్దాయన సంచిలో రంగుడబ్బా, కుంచె, చేతికత్తి పెట్టుకుని నిలబడ్డాడు. చింతపండు మూటల తాళ్ళు కోసే, మార్కు వేసే సరంజామా అది.

"ఏం పెద్దాయనా, పనవుతోందా?" అనడిగింది బిందు.

"యాడైతాది పాపా! రెండో బటన్ నొక్కి దరకాస్తు ఇస్తిని. పైన సంతకాలు గూడా అయినాయంట. కాయితం ఆ అట్టెనక బీరువాలోనే ఉండాదంట. ఇయ్యమంటే లోపలుండే ఆయప్ప ఇయ్యడు. మూడో బటన్ నొక్కి అడుగుదామంటే, 'వివరాలకు మా వెబ్‌సైటు చూడుడు' అని చీటీ వస్తాది. మూడు తూర్లు వచ్చి పోతి. పోను రాను బస్సులకే సరిపాయె" అన్నాడు ఓబులేసు. వెనకున్న వాళ్ళందరిదీ అదే గోడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టుంది వ్యవహారం.

బిందు చీలిక దగ్గర నోరు పెట్టి, "బాబాయ్ గారూ, నేను బిందుని" అంది.

"నువ్వా పాపా!" లోపల్నుంచి యేసుపాదం గొంతు సంతోషంగా వినిపించింది. "నీ సర్టిఫికెట్లు నా పక్కనే ఉన్నయ్యి. పొద్దునే దుమ్ము కూడా దులిపా."

"ఇచ్చెయ్యండి బాబాయ్. సాయంత్రంలోపు మంగళగిరిలో చేరాలి. లేకపోతే అదీ పోతుంది."

 యేసుపాదం గొంతు నెమ్మదించింది. "ఎట్టా ఇచ్చేది పాపా? బటన్ నొక్కినోళ్ళకి దాని మీదేముంటే అదియ్యాల, నొక్కకుండా ఎవురికీ ఏదీ ఇయ్యగూడదని ఎం.డి. గారు నాకు రాసిచ్చి సంతకం తీసుకున్నారు. కాయితాలు తిరిగిచ్చేదానికి బటన్ లేదు. నువ్వెయ్యలేదు గదా."

నిజమే. వెయ్యలేదు. ఇంటర్వ్యూలో బోర్డువారిని మెప్పించే బటన్లు వేసింది గానీ, ఈ వరసలో నిలబడే మనిషికి ఏం కావాలో ఆ రోజు ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తన పనే అది అయ్యుండి అనుకోలేదు. బిందుకు సిగ్గేసింది, ఆ సిగ్గులోంచి కోపం వచ్చింది.

పైకి పరుగెత్తి విశాలాక్షి గారితో చెప్పింది. "ఒక్క బటన్ చేర్చనివ్వండి చాలు."

"వెబ్‌సైటులో మార్పుచేర్పులు చేయు అధికారం డెవలపరునకే కలదు. సదరు పోస్టు రద్దయినది" అన్నారు ఆవిడ, తలెత్తకుండానే.

అమ్మా పెట్టదు, అడుక్కునీ తిననివ్వదు. బిందు మెట్లు దిగి వచ్చి, "పెద్దాయనా, మీ కుంచె ఒకసారి ఇస్తారా?" అంది. ఓబులేసు ఎందుకని కూడా అడగకుండా డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. బిందు చార్టు మధ్యలో, మూడు బటన్ల కన్నా పెద్దదిగా, మూటలకు వేసే నల్లరంగుతో నాలుగో బటన్ గీసింది. దాని మీద అందరికీ దూరం నుంచే కనబడేలా రాసింది: "నా కాగితాలు నాకివ్వండి."

 బిందు దాని కింద ఓబులేసు చేతికత్తితో చీలిక కోసి, తడి ఆరకముందే నొక్కింది. వేలికి రంగంటుకుంది.

"లోడ్ అవుతోంది" అన్నాడు యేసుపాదం లోపల్నుంచి. బీరువా తలుపు కిర్రుమంది. చీలికలోంచి పదో తరగతి మెమో వచ్చింది, దాని వెనక ఇంటరు, దాని వెనక బీటెక్. బిందు రంగంటని చేత్తో ఒక్కొక్కటీ అందుకుంది. చేతిలోవి తన కాగితాలే. కానీ అంతకన్నా సంతోషం, తను గీసింది ఒకటి ఇన్నాళ్ళకు ఎవరికో పనికొచ్చింది. ఆ ఎవరో తనే అయినా సరే.

"అది నీ ఒక్కదానికేనా పాపా, నేను గూడా నొక్కచ్చునా?" అన్నాడు ఓబులేసు బెరుగ్గా.

"మీ కాగితం మీదేగా. నొక్కండి" అంది బిందు.

ఓబులేసు నొక్కాడు. ధ్రువపత్రం వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని, వెనక్కి తిరిగి, "వస్తాండాది రోయ్!" అని కేకేశాడు. అంతే, వరస కదిలింది. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఏళ్ళ తరబడి బీరువాలో పడున్న కాగితాలక్కూడా సొంతదార్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేశారు. ఎవరి తాతల నాటివో కూడా బయటపడ్డాయి. బిందు ఆగి చూడలేదు. మంగళగిరి బస్సుకు పరుగెత్తింది. సాయంత్రానికి ముందే వెళ్ళి చేరిపోయింది.

పది రోజుల తర్వాత, కొత్త ఆఫీసులో పనిచేసుకుంటుండగా యేసుపాదం దగ్గర్నుంచి ఫోను వచ్చింది. టీ కొట్టు దగ్గర్నుంచి చేస్తున్నాడు. చాటుగా మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"పెద్ద గొడవయింది పాపా. ఎం.డి. గారొచ్చి బీరువా తెరిస్తే అంతా ఖాళీ. ఒక్క కాయితం కూడా పెండింగు లేదు. పెండింగు లేకపోతే మండలెందుకని పైనోళ్ళడుగుతారని ఆయన బీపీ పెరిగిపోయింది. వెబ్‌సైటు మీద సైబరు దాడి జరిగిందని పేపర్లో కూడా ఏయించారు."

"అయ్యో, మిమ్మల్నేమీ అన్లేదు కదా బాబాయ్?"

"నన్నేమంటారు? సోమసుందరం గారితో విచారణ పెట్టారు. ఆయన నాలుగు రోజులు కూర్చుని నివేదిక రాశారు. మన ఆవరణలోకి ఎలక్ట్రానిక్ పరికరం ఏదీ రాలేదు కాబట్టి సైబరు దాడి జరిగుండటానికి ఈల్లేదంట. అయినా ముందు జాగర్తగా ఇకనించి పరీక్షలకి పెన్నులు, కుంచెలు కూడా తేగూడదంట. కొత్తగా సైబరు రక్షణ అధికారి పోస్టుకి నోటిఫికేషన్ ఏత్తన్నారు. రాతపరీచ్చే."

బిందు నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ఒక్కసారిగా దిగులేసింది. "మరి ఆ నాలుగో బటన్?"

"దాని మీద గోధుమరంగు కాయితం అంటించేశారు పాపా. నాలుగంచులా జిగురు పూసి."

"అయితే మళ్ళీ మొదటికే వచ్చిందన్నమాట. జనం ఏం చేస్తున్నారు?"

"కొత్త కాయితాల కోసం వత్తన్నారు. ఎక్కడుందో అందరికీ తెలుసు గదా. ఆ కాయితం మీదే నొక్కుతున్నారు."

"మరి మీరు?"

"బటన్ నొక్కితే ఇయ్యాలని నాకు రాసిచ్చారు. పైన కాయితం ఉంటే ఇయ్యొద్దని ఎవురూ రాసియ్యలా" అన్నాడు యేసుపాదం. "ఇత్తన్నా."